పంజెంట్ అంటే కారమా, ఘాటా? ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు ఒక వంటల వ్యాసాన్ని తెలుగు నుంచి ఇంగ్లీషులోకి రాశారు. కారం, ఘాటు, పులుపు వచ్చిన ప్రతిచోటా ‘పంజెంట్’ అని పెట్టారు. చూసిపెట్టిన స్నేహితురాలు మిరపకాయ దగ్గర దాన్ని కొట్టేసి ‘హాట్’ అని, నిమ్మరసం దగ్గర కొట్టేసి ‘ట్యాంగీ’ అని రాసింది. వెల్లుల్లి దగ్గర మాత్రం ముట్టుకోలేదు. డిక్షనరీలో పంజెంట్‌కు ‘కారమైన, ఘాటైన’ అని రెండూ ఉన్నాయి కదా, మరి తప్పెక్కడుంది అన్నది మీ సందేహం. చివర్లో, ఒక రచయిత శైలిని పంజెంట్ అనొచ్చా అని కూడా అడిగారు.

మీ స్నేహితురాలు సరిగ్గానే దిద్దారు. డిక్షనరీ కూడా అబద్ధం చెప్పలేదు. ఈ మాటకు మామూలుగా మాట్లాడే ఇంగ్లీషులో ఒక అర్థం ఉంది. ల్యాబుల్లో, మసాలా దినుసుల వ్యాపారంలో దానికంటే వెడల్పైన అర్థం ఉంది. డిక్షనరీ రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంది, ఏది ఎవరి మాటో చెప్పలేదు. చిక్కంతా అక్కడే.

మామూలు ఇంగ్లీషులో పంజెంట్ అంటే ముక్కుకు తగిలే ఘాటు. వాసనతో పాటు వచ్చి ముక్కులోనో, కళ్లలోనో, గొంతులోనో గుచ్చాలి. పచ్చి వెల్లుల్లి, నూరిన ఆవాలు, అప్పుడే కోసిన ఉల్లిపాయ, బాగా మాగిన ఛీజ్, పచ్చి ఇంగువ, అమ్మోనియా, ఇవన్నీ పంజెంట్. నాలుక మీద మంట పెట్టి ముక్కు జోలికి పోనిది హాట్ లేదా స్పైసీ. పులుపుతో చురుక్కుమనేది ట్యాంగీ. మీ వ్యాసం వరకు ఈ కాస్త తెలిస్తే చాలు. అయితే రేపు ఇంకో పదార్థం ఎదురైనప్పుడు మళ్లీ ఎవరినీ అడిగే పని లేకుండా, ఎందుకిలా అన్నది కూడా చెబుతాను.

మనం గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. పంజెంట్ అన్నది అసలు రుచే కాదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగులు, మాంసపు చారు లాంటివాటిలో తెలిసే కమ్మటి రుచి), ఈ ఐదింటికీ నాలుక మీద రుచి మొగ్గల్లో విడిగా ఏర్పాట్లున్నాయి. కారానికి, ఘాటుకు అలాంటివి లేవు. వాటిని మెదడుకు మోసుకెళ్లేది ట్రైజెమినల్ నరం. ముఖం మీద గిచ్చినా, కంట్లో నలక పడినా, పన్ను జివ్వుమన్నా కబురు మోసేది అదే. అంటే కారమూ ఘాటూ నొప్పి, వేడి, స్పర్శల కుటుంబానికి చెందినవి. ఉల్లిపాయ కోస్తే కన్ను మండడానికి కారణం ఇదే. కంటికి రుచి తెలియదు, నొప్పి తెలుసు.

మాట పుట్టుకలోనూ ఇదే ఉంది. లాటిన్‌లో ‘పుంగెరె’ అంటే గుచ్చడం. టైరుకు పడే పంక్చర్, వాక్యంలో పెట్టే పంక్చుయేషన్, పెన్సిల్ పాయింట్ అన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే. వృక్షశాస్త్రంలో ఈ మాట ఇప్పటికీ అచ్చంగా పాత అర్థంలోనే బతికుంది. ఆకు కొస ముల్లులా గట్టిగా, మొనదేలి ఉంటే దాన్ని పంజెంట్ ఆకు అంటారు. వాసనతో దానికి ఏ సంబంధమూ లేదు. మొక్కల పుస్తకం అనువదించేటప్పుడు ‘ఘాటైన ఆకు’ అని రాసేస్తే కొంప మునుగుతుంది.

ఇక మిరపకాయ సంగతి. మిరపలో మంటకు కారణం క్యాప్సైసిన్. ఇది వేడిని పసిగట్టే గ్రాహకాన్ని, అంటే నరాల కొసన కబురు అందుకునే ప్రోటీన్‌ను, తట్టి లేపుతుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే పనిచేసే గ్రాహకం అది, పేరు టీఆర్‌పీవీ1. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దాన్ని గుర్తించింది. 2021లో ఆయనకు ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇంగ్లీషువాళ్లు మిరపకాయను ‘హాట్’ అనడంలో నరాల లెక్క ప్రకారం కూడా తప్పేమీ లేదన్నమాట. నోటికి అది నిజంగానే వేడిగా అనిపిస్తుంది. క్యాప్సైసిన్‌కు వాసన లేదు, గాలిలోకి ఆవిరై లేవదు. కొవ్వులో కరుగుతుంది కాబట్టి నాలుకకు అంటుకుని కూర్చుంటుంది, మంట నిమిషాల తరబడి వదలదు.

ఆవాలది వేరే కథ. గింజ గింజగా నోట్లో వేసుకుంటే పెద్దగా ఏమీ ఉండదు. నూరి నీళ్లు తగిలిస్తే లోపలున్న మైరోసినేజ్ అనే ఎంజైము సినిగ్రిన్ అనే పదార్థం మీద పనిచేసి అల్లైల్ ఐసోథయోసయనేట్‌ను పుట్టిస్తుంది. ఇది ఇట్టే ఆవిరవుతుంది. నోట్లోంచి వెనకగా ముక్కులోకి ఎక్కి, టీఆర్‌పీఏ1 అనే ఇంకో గ్రాహకాన్ని తాకుతుంది. నషాళానికి అంటిందని మనం అనేది ఈ దెబ్బనే. కొన్ని క్షణాలు ఊపిరాడదు, కళ్లు నీళ్లు తిరుగుతాయి, అంతే, పోతుంది. జపాన్ వంటల్లో వాడే వసాబీ, ఐరోపా వంటల్లో వాడే హార్స్‌ర్యాడిష్ అనే ఘాటు దుంప కూడా ఇదే కుటుంబం. వేడినీళ్లు పోసి నూరితే ఎంజైము చచ్చిపోయి ఘాటు రాదు, అందుకే ఆవపిండికి చన్నీళ్లే వాడాలంటారు. పచ్చావాలలో (లేత రంగువి) పుట్టే పదార్థం అంతగా ఆవిరవదు. అందుకని వాటి మంట ముక్కుకెక్కకుండా నోట్లోనే ఉండిపోతుంది. ఒకే ‘ఆవాలు’ అయినా నల్లవాటి ముద్దను పంజెంట్ అని, పచ్చవాటి ముద్దను మైల్డ్ అని ఇంగ్లీషు వంటల రచయితలు రాయడం వెనక ఈ తేడా ఉంది.

మామూలు ఇంగ్లీషులో గీత ఎక్కడ పడిందో ఇప్పుడు తెలుస్తుంది. గాలిలోకి లేచి ముక్కును గుచ్చేది పంజెంట్, లేవకుండా నాలుక మీదే మండేది హాట్. అలాగని ఎవరూ కూర్చుని కెమిస్ట్రీ చూసి నిర్ణయించలేదు. ముక్కులు చెప్పినదాన్నే మాట అనుసరించింది.

ఒక సందు కేసు ఉంది, మీ వ్యాసంలో వచ్చే అవకాశం కూడా ఉంది. ఎండుమిరపకాయలు నూనెలో వేగుతున్నప్పుడు ఇల్లంతా దగ్గుతుంది కదా. క్యాప్సైసిన్‌కు వాసన లేకపోయినా పొగతో, సన్నటి నూనె తుంపరతో కలిసి గాలిలోకి లేస్తుంది. అప్పుడది ముక్కుకు, గొంతుకు తగులుతోంది కాబట్టి ‘పంజెంట్ ఫ్యూమ్స్’ అనడం పూర్తిగా సరైనది. అదే మిరపకాయను పచ్చడిగా నూరి తిన్నప్పుడు ‘హాట్’. వస్తువు ఒకటే, తగిలే చోటును బట్టి మాట మారుతుంది.

శాస్త్రవేత్తలు మాత్రం ఈ గీత చెరిపేశారు. వాళ్లకు హాట్ అన్నా స్పైసీ అన్నా చికాకే. హాట్ అంటే కాగుతున్నదా, కారమైనదా తెలియదు. స్పైసీ అంటే మంట పుట్టించేదా, దాల్చినచెక్క, లవంగం లాంటి సుగంధద్రవ్యాలు వేసినదా తెలియదు. దాల్చినచెక్క వేసిన కేకును కూడా ఇంగ్లీషులో స్పైసీ అంటారు, అందులో కారం చుక్క కూడా ఉండదు. అందుకని నోరు, ముక్కు, గొంతులను గుచ్చే గుణం మొత్తాన్ని కలిపి ‘పంజెన్సీ’ అని పెట్టుకున్నారు. వాళ్ల పత్రాల్లో మిరపకాయ పంజెన్సీ, మిరియాల పంజెన్సీ, అల్లం పంజెన్సీ అని కనిపిస్తే తికమక పడకండి. అక్కడ దాన్ని ‘కారం’ అనే అనువదించాలి. 1912లో అమెరికన్ ఫార్మసిస్ట్ విల్బర్ స్కోవిల్ తయారుచేసిన కొలమానం కొలిచేది ఈ పంజెన్సీనే. మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్లకు మంట ఎప్పుడు తెలియకుండా పోతుందో చూసేవాడాయన. ఆ లెక్కన స్వచ్ఛమైన క్యాప్సైసిన్‌ది సుమారు 1.6 కోట్ల యూనిట్లు, మిరియాల్లోని పైపరిన్‌ది సుమారు లక్ష. ఇప్పుడు నాలుకల బదులు యంత్రాలు కొలుస్తున్నాయి.

ఈ సాంకేతిక వాడుకలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఆలివ్ నూనెది. నూనె నాణ్యత తేల్చే నిపుణుల బృందాలు మూడు గుణాలను మంచివిగా లెక్కిస్తాయి. పండు వాసన, చేదు, పంజెంట్. అవును, పంజెంట్ అక్కడ మెచ్చుకోలు. పచ్చి కాయల నుంచి తీసిన కొత్త నూనె ఒక గుక్క మింగితే గొంతు వెనక చురుక్కుమని దగ్గు వస్తుంది. దానికి కారణం ఓలియోకాంథాల్ అనే పదార్థం. నొప్పికీ వాపుకీ వాడే ఐబుప్రోఫెన్ మాత్ర నమిలినా గొంతులో అదే చోట అదే గరగర. ఆ పోలిక చూసే ఈ పదార్థానికి కూడా వాపు తగ్గించే గుణం ఉందని 2005లో బయటపెట్టారు. కాబట్టి సీసా మీద పంజెంట్ అని ఉంటే ‘ఘాటు వాసన గల నూనె’ అని అనువదించకండి. నూనె చెడిపోయిందనుకుని ఎవరూ కొనరు. ‘గొంతులో చురుక్కుమనే’ అనండి, సరిపోతుంది.

ఉల్లిపాయల దగ్గర ఇంకో తమాషా. అక్కడ పంజెంట్‌కు వ్యతిరేక పదం ‘స్వీట్’. అమెరికాలో జార్జియా రాష్ట్రపు విడేలియా ఉల్లిపాయలను స్వీట్ అనియన్ అంటారు. వాటిలో చక్కెర విపరీతంగా ఉందని కాదు. అక్కడి నేలలో గంధకం తక్కువ, అందువల్ల ఘాటు పుట్టించే గంధకపు పదార్థాలు తక్కువ. ఘాటు అడ్డు తొలగితే ఉన్న తీపి నాలుకకు తెలుస్తుంది. వంటకంలో ‘స్వీట్ అనియన్’ అని చూసి ‘తియ్యటి ఉల్లిపాయ’ అని రాసేవాళ్లను చూస్తుంటాను. ‘ఘాటు లేని ఉల్లిపాయ’ అంటేనే వండేవాళ్లకు అర్థమవుతుంది.

ఇప్పుడు చుట్టుపక్కల మాటలు. మీరు పొరబడింది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ట్యాంగీకి పులుపు లేకుండా కుదరదు. అయితే పులిసిపోయిన పులుపు కాదు, నోరూరించే పులుపు. పెరుగు, నిమ్మ, కమలాపండు, టమాటా సాస్‌ల వంటివాటికి సరిగ్గా సరిపోతుంది. ఈ మాట వెనక కూడా ఒక మొన ఉంది. పాత నార్స్ భాషలో ‘టాంగి’ అంటే మొన, కత్తి అలుగులో పిడి లోపలికి దిగే భాగం. ఇప్పటికీ కత్తుల వ్యాపారంలో ఆ భాగాన్ని ట్యాంగ్ అనే అంటారు. నిమ్మరసం దగ్గర పంజెంట్ ఎందుకు తప్పంటే, నిమ్మరసం ముక్కును గుచ్చదు. దాని వాసన హాయిగానే ఉంటుంది. అదే సీసా మూత తీయగానే ముక్కు మీద కొట్టే వెనిగర్ అనుకోండి, దాని వాసన పంజెంట్, దానితో చేసిన సలాడ్ ట్యాంగీ. రెండూ నిజమే.

టార్ట్ అంటే తీపి అడ్డం లేని నిఖార్సైన పులుపు, పచ్చి యాపిల్, క్రాన్‌బెర్రీ లాంటివి. ట్యాంగీ కంటే ఒక మెట్టు గట్టిది. మనిషి జవాబు టార్ట్‌గా ఉందంటే పుల్లవిరుపుగా మాట్లాడాడని. జెస్టీ అన్నది నిమ్మ, నారింజ తొక్కల తాజా వాసనతో వచ్చే హుషారు. ప్రకటనలు రాసేవాళ్లు దీన్ని అరగదీసేశారు, నేనైతే తప్పనప్పుడే వాడతాను.

షార్ప్ గురించి ఒక్క మాట. ఛీజ్ విషయంలో షార్ప్ అంటే ఎక్కువ కాలం మాగబెట్టింది, నాలుకను కరిచేది అని అర్థం. పంజెంట్ ఛీజ్ అంటే వాసన గది దాటి పోయేది. చెడార్ షార్ప్, లింబర్గర్ పంజెంట్. లింబర్గర్ పైపొర మీద పెరిగే బ్యాక్టీరియాకు, మనిషి పాదాల దగ్గర వాసన పుట్టించే బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టరికం ఉంది, కాబట్టి ఆ వాసన ఎక్కడో ఎరిగినదిలా అనిపిస్తే ఆశ్చర్యపోకండి.

పీకంట్ అన్నది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, దాని అర్థమూ గుచ్చేదే. కానీ ఇందులో ఎప్పుడూ మెచ్చుకోలు ఉంటుంది. కొంచెం కారం, కొంచెం పులుపు, ఆకలి పుట్టించే చురుకుదనం. తెలుగులో దీనికి ఒక్క మాట వెతక్కండి, ‘నాలుకకు చురుకు పుట్టించే’ అంటే చాలు. దీనికి సరిగ్గా అవతలి కొసన ఉండేది యాక్రిడ్. అందులో మెచ్చుకోలు ఎప్పుడూ ఉండదు. రబ్బరు కాలుతున్న పొగ, మాడిన నూనె, బాష్పవాయువు లాంటివి యాక్రిడ్. గొంతు గీరుకుపోవాలి, అక్కడి నుంచి పారిపోవాలనిపించాలి. పంజెంట్ ఈ రెంటికీ నడుమ నిలబడుతుంది, మంచికీ వాడొచ్చు, చెడుకీ వాడొచ్చు.

మరి మెచ్చుకోలో, ఫిర్యాదో ఎలా తెలియాలి? పక్కనున్న నామవాచకం చెబుతుంది. ‘పంజెంట్ అరోమా’ అంటే రాసినవారికి ఆ ఘాటు ఇష్టం. ‘పంజెంట్ ఓడర్’ అంటే ముక్కు మూసుకున్నారు. ‘పంజెంట్ స్మెల్’ ఎటూ తేల్చదు, కెమిస్ట్రీ పుస్తకాల్లో అమ్మోనియాకు, సల్ఫర్ డయాక్సైడ్‌కు ఇదే వాడతారు. ఎవరైనా రాసుకున్న సెంటును మాత్రం పంజెంట్ అనకండి, మెచ్చుకుంటున్నారని వాళ్లు అనుకోరు.

వాసనల విషయంలో తెలుగు మనకు మంచి పరీక్ష పెడుతుంది, ఎందుకంటే మనకు వాసనలకు విడివిడి మాటలున్నాయి. కుళ్లు కంపు పంజెంట్ కాదు, అది ఫౌల్. కుళ్లిన గుడ్డు వాసనను ముక్కు అసహ్యించుకుంటుంది, కానీ మామూలుగా అది కళ్లలో నీళ్లు తెప్పించదు. చేపల నీచు వాసన ఫిషీ. చాలాకాలం మూసిన గదిలో ముక్కవాసన మస్టీ. మాడు వాసన, కమురు వాసన ఎక్కువై గొంతు పట్టేస్తే యాక్రిడ్. వీటిలో ఏదీ పంజెంట్ కాదు. ఏ వాసన దగ్గర మీ నోటికి సహజంగా ‘ఘాటు’ అనే మాట వస్తుందో అది పంజెంట్. వాసన ఎంత ఎక్కువగా ఉందన్నది లెక్క కాదు, గుచ్చుతోందా లేదా అన్నదే లెక్క. మల్లెపూల వాసన గదంతా నిండినా అది స్ట్రాంగ్ అవుతుంది తప్ప పంజెంట్ కాదు.

అలాగని ఘాటు, పంజెంట్ ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చోవు. మనం ఘాటైన కాఫీ అంటాం, ఇంగ్లీషులో అది స్ట్రాంగ్ కాఫీ. ఘాటైన ప్రేమ అంటాం, దాన్ని పంజెంట్ లవ్ అని రాస్తే ఇద్దరిలో ఒకరు వెల్లుల్లి తిని వచ్చారేమో అనుకుంటారు.

ఆయుర్వేద పుస్తకాలు ఇంగ్లీషులో చదివేవాళ్లకు ఇంకో హెచ్చరిక. ఆరు రసాల్లో కటు రసాన్ని వాళ్లు ‘పంజెంట్’ అని, తిక్తాన్ని ‘బిట్టర్’ అని, కషాయాన్ని ‘ఆస్ట్రింజెంట్’ అని అనువదిస్తారు. తెలుగులో వరుసగా కారం, చేదు, వగరు. ‘పంజెంట్ ఫుడ్స్ తగ్గించండి’ అని ఉంటే వాసన వచ్చేవి మానేయమని కాదు, మిరియాలు, అల్లం, మిరప లాంటి కారాలు తగ్గించమని. చైనా సంప్రదాయ వైద్యం పుస్తకాల్లోనూ ఐదు రుచుల్లో ఒకదానికి ఇదే అనువాదం స్థిరపడింది. రెండుచోట్లా మామూలు ఇంగ్లీషు అర్థం కంటే శాస్త్రవేత్తల వెడల్పైన అర్థమే పనికొస్తుంది.

రెస్టారెంటులో మాత్రం ఆ వెడల్పును నమ్ముకోకండి. కారం తక్కువ వేయమని చెప్పడానికి ‘నాట్ టూ పంజెంట్’ అంటే వడ్డించే మనిషి అయోమయంగా చూస్తాడు, లేదా వెల్లుల్లి తగ్గించి కారం అలాగే ఉంచుతాడు. ‘నాట్ టూ స్పైసీ’ అనాలి.

పలకడం గురించి. ‘పన్‌జంట్’ అని, మొదటి అక్షరం మీద ఊనిక, రెండోది తేలిగ్గా. స్పెల్లింగు చూసి ‘పుంజెంట్’ అనో ‘పంగెంట్’ అనో అనేవాళ్లు ఎక్కువ. నామవాచకం పంజెన్సీ, క్రియావిశేషణం పంజెంట్లీ. ఈ చివరిది వంటలో అరుదు, మాటల గురించి చెప్పేటప్పుడు తరచు వస్తుంది.

అక్కడి నుంచి మీ చివరి ప్రశ్నకు వద్దాం. రచనను, వ్యాఖ్యను, హాస్యాన్ని పంజెంట్ అనొచ్చు, మంచి ఇంగ్లీషే. పంజెంట్ విట్, పంజెంట్ క్రిటిసిజం, పంజెంట్ రిమార్క్ బాగా స్థిరపడిన జంటలు. మన పత్రికల్లో ‘ఘాటుగా విమర్శించారు’ అని వస్తుంది కదా, దానికి దగ్గరే, కానీ పూర్తిగా అదే కాదు. మన ఘాటు విమర్శలో కోపం పాలు ఎక్కువ. గొంతు పెంచి నాలుగు తిట్టినా ఘాటుగా స్పందించినట్టే రాస్తారు. పంజెంట్ అనాలంటే ఆ మాట సూటిగా, పొట్టిగా ఉండి, తగలాల్సిన చోట తగలాలి. అరుపులతో నిండిన రెండు గంటల ఉపన్యాసం పంజెంట్ కాదు. ఆ ఉపన్యాసాన్ని ఒక్క వాక్యంతో గాలి తీసేసిన ప్రశ్న పంజెంట్. మీరు చెబుతున్న రచయిత ఈ రెండో రకమైతే నిశ్చింతగా వాడండి. ఊరికే కోపంగా రాసేవారైతే హార్ష్ (కఠినమైన) అనో, స్కేతింగ్ (తూర్పారబట్టే) అనో వెతుక్కోండి.

ఇక్కడే పాయ్‌న్యంట్ అనే ఇంకో మాటతో కలిపేస్తుంటారు. అదీ అదే లాటిన్ వేరు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఈ రెండు మాటలూ కాలక్రమంలో కుర్చీలు మార్చుకున్నాయి. 14వ శతాబ్దంలో, కవి చాసర్ కాలంలో, పాయ్‌న్యంట్ అన్నది సాసుకు వాడే మాట, మసాలా గట్టిగా తగిలిన సాస్ అని. పంజెంట్ 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు నొప్పికీ, దుఃఖానికీ వాడారు, గుండెలో గుచ్చే దుఃఖం అని. తర్వాత సాసు మాట గుండెకు పోయింది, గుండె మాట వంటింట్లోకి వచ్చింది. ఇప్పుడు పాయ్‌న్యంట్ అంటే మనసును కలుక్కుమనిపించేది. కథ చదివి కళ్లు చెమర్చితే ఆ కథ పాయ్‌న్యంట్. కథ చదివి కథలోని పెద్దమనిషికి బాగా తగిలిందని నవ్వుకుంటే ఆ కథ పంజెంట్.

మీ వ్యాసానికి వస్తే, నిమ్మరసం దగ్గర ట్యాంగీ, మిరపకాయ దగ్గర హాట్ అలాగే ఉంచండి. మీ స్నేహితురాలు వదిలేసిన వెల్లుల్లి దగ్గర నాకొక చిన్న అభ్యంతరం ఉంది. మీ వాక్యం వేయించిన వెల్లుల్లి గురించి. పచ్చి వెల్లుల్లిని చిదిపినప్పుడు అల్లినేజ్ అనే ఎంజైము పనిచేసి అల్లిసిన్ పుడుతుంది, ఘాటంతా దానిదే. రెబ్బలను చిదపకుండా నెమ్మదిగా వేయించితే వేడికి ఎంజైము పాడై ఆ ఘాటు పుట్టదు. మెత్తటి తీపి, కమ్మటి వాసన మిగులుతాయి. కాబట్టి అక్కడ పంజెంట్ తీసేసి ‘మెలో’ అనో, ‘స్వీట్’ అనో పెట్టండి. పంజెంట్‌ను కింద, పచ్చి రెబ్బలు దంచి వేసే దగ్గరికి దించండి. అల్లం విషయంలో లెక్క తిరగబడుతుందని గుర్తుంచుకోండి. పచ్చి అల్లంలోని జింజరాల్, ఎండి శొంఠి అయ్యేసరికి కొంత షోగాల్‌గా మారుతుంది, దాని కారం ఎక్కువ. మీరు ‘డ్రై జింజర్’ దగ్గర ‘మైల్డ్’ అని రాశారు, అది మార్చాలి.

రచయిత గురించి రాసేటప్పుడు కూడా ఆయన వాక్యాలను, హాస్యాన్ని పంజెంట్ అనండి, ఆయన్ను అనకండి. ‘హీ ఈజ్ పంజెంట్’ అని రాస్తే చదివేవాళ్లు ఆయన స్నానం గురించి ఆలోచిస్తారు.